కమ్మచ్చు దాటిన ఇత్తడి

చిన్నయంత్రముల నిర్మాణమున అభిరుచి గలవారు, అందును ఆవిరి రైలింజనులను ఇరువదిలో నొకవంతు పరిమాణమున మలచువారు, ఉక్కుకొరకు గాని ఇనుముకొరకు గాని అంతగా పరితపింపరు. వారిని నిజముగా అలయించునది పలుచని గోడ గల ఇత్తడి గొట్టము. 1947 మొదలు మన దేశపు వెడల్పు పట్టాలపై నడచిన డబ్ల్యు.పి. తరగతి ఇంజను ప్రక్కల నిలుచు చేతికడ్డీలను, ఆవిరిని కొనిపోవు సన్నని నాళములను నమూనాలో చూపదలచినచో, అసలున నాలుగు మిల్లీమీటర్లున్న గోడ ఇచట మిల్లీమీటరులో అయిదవవంతునకు దిగవలెను. నీటిగొట్టముల అంగడిలో దొరకు దళసరి నాళమును తెచ్చి అమర్చుట గువ్వపిట్టకు ఏనుగుకాలు అతికించుటయే యగును.

ఈ కొరతను తీర్చుటకే అమెరికాలోని చికాగో నగరపు కె అండ్ ఎస్ సంస్థ, అంగుళములో వేయింట 14 వంతుల మందము, అనగా సుమారు 0.36 మిల్లీమీటర్ల గోడ గల గొట్టములను చిల్లర తునకలుగా అమ్ముచున్నది. వరుసగా వచ్చు రెండు పరిమాణముల నడుమ భేదము అంగుళములో 32వ వంతు. అందుండి రెండు ప్రక్కల గోడల మందము తీసివేసినచో మిగులునది వేయింట మూడు వంతుల సందు మాత్రమే. ఆ సందున నొక గొట్టము మరియొకదానిలోనికి మెత్తగా జారును. ఈ అమరికను కల్పించిన బుద్ధియెడ నాకు మిక్కిలి గౌరవము. అయినను మైదుకూరులో కూర్చుండి జానెడు గొట్టముకొరకు సముద్రముల కావలకు వ్రాయుట, సరకు వెలకు మించిన రవాణా వ్యయమును భరించుట, నాకెన్నడును సమంజసముగా తోచలేదు. ఏలయన, బోలుగా నుండు లోహవస్తువులను చేయు విద్య మాకు కూతవేటు దూరమున, ప్రొద్దుటూరి వీథులలో, తరతరములుగా నున్నది.

ఆ వీథులకు పోవుటకు ముందు, సిద్ధముగా దొరకు గొట్టములనుగూర్చి నాలుగు మాటలు చెప్పవలెను. పాత ట్రాన్సిస్టరు రేడియోల ఏరియల్ అనేకముగా ఇత్తడిదే. ఒకదానిలో నొకటి ఇముడు దాని భాగములకు మించిన పలుచని గొట్టములను నేను బజారున చూడలేదు. పైనున్న క్రోమియపు పూతను మాటు వేయుచోట మాత్రము గీకివేసిన చాలును. మరమ్మతు దుకాణములవారు విరిగినవాటిని ఊరకయే ఇత్తురు. కిటికీ తెరలు వ్రేలాడదీయు పచ్చని కడ్డీలను మాత్రము నమ్మరాదు. అయస్కాంతమును చేర్చినచో వానిలో పెక్కింటి ఇనుపగుణము బయటపడును.

అయితే ఏరియల్ మనకు కావలసిన కొలతలో నుండుట అదృష్టముపై నాధారపడిన విషయము. కొలత మనదై యుండవలెనన్నచో గొట్టమును మనమే లాగవలెను. దానికి కావలసిన రేకు మోటారు విడిభాగముల అంగళ్లలో ఇత్తడి షిమ్ అను పేర, మిల్లీమీటరులో పదవవంతు మొదలు పలు మందములలో లభించును. పాత బిందెల రేకును కోసి వాడవచ్చునని కొందరందురు గాని, సుత్తితో సాగగొట్టిన పాత్రలో మందము అడుగడుగునకు మారుచుండును; గొట్టమునకు అది పనికిరాదని నా నిశ్చితాభిప్రాయము.

బంగారము, ప్రత్తి వ్యాపారములచేత రెండవ బొంబాయి యని పేరొందిన ప్రొద్దుటూరిలో, తీగ లాగు స్వర్ణకారుని యెదుట కొంతసేపు కూర్చుండినవానికి కమ్మచ్చు అనగా నేమో వివరింప నక్కరలేదు. గట్టి ఉక్కుపలక, దానిలో క్రమముగా చిన్నవగుచు పోవు రంధ్రములు, ప్రతి రంధ్రమును వెనుకవైపున వెడల్పై, ముందువైపున ఇరుకై యుండును. తీగ మొనను సన్నముగా అరగదీసి, రంధ్రమున దూర్చి, ఆవలివైపు పట్టకారుతో పట్టి లాగుదురు. తీగకు బదులు పొడవునా దోనెవలె వంచిన రేకును లాగినచో, దాని రెండంచులును ఒకదాని నొకటి చేరుకొని, గొట్టము పుట్టును. బోలుగాజులకు, గొలుసులకు కావలసిన బంగారు గొట్టము పుట్టుకయు నిదియే. ఆభరణమున బంగారము ఆదా యగుటకై పుట్టిన ఉపాయము నమూనాకారునకు వరమైనది.

లెక్క సులభము. వెలుపలి వ్యాసమునుండి గోడ మందమును తీసివేసి, మిగిలినదానిని 3.14 చేత గుణించినచో రేకు వెడల్పు వచ్చును. ఆరు మిల్లీమీటర్ల గొట్టమునకు 0.3 మిల్లీమీటర్ల రేకును గొన్నచో 17.9 మిల్లీమీటర్లు, అంచులు బిగువుగా ఒత్తుకొనుటకై మరి కొంచెము చేర్చుట మేలు. రెండంచులును సమానాంతరముగా నుండని రేకు కమ్మచ్చులో మెలిదిరుగును. అప్పుడు అతుకు గొట్టము చుట్టును తీగవలె ప్రాకును, ఆ తప్పును పిమ్మట దిద్దుట అసాధ్యము. అందుచేత కత్తిరించుటకంటె ఆకురాతితో అంచులను సరిచేయుటకే నేనెక్కువ కాలము వెచ్చింతును. రంధ్రమునకు మైనము పూయుట మరువరాదు.

కాల్చుట యన్నది ఈ విద్యకు ప్రాణము. రంధ్రములు దాటినకొలది ఇత్తడి బిరుసెక్కును. బిరుసెక్కినదానిని బలముతో లాగినచో మొన తెగి పట్టకారుతో వచ్చును, లేదా గోడ చిట్లును. అట్టి సమయమున దానిని నీడలో కనబడునంత మందమైన యెరుపు వచ్చువరకు కాచి చల్లార్చినచో తిరిగి మెత్తనగును. కాపు మించరాదు: ఇత్తడిలోని యశదము 907 డిగ్రీల వద్ద మరుగును, అంతకు చాల ముందే తెల్లని పొగయై విడిపోజొచ్చును, లోహపు రేణువులు ముతకబారి పైభాగము గరుకగును. ఎప్పుడు కాల్చవలెనో ఎట్లు తెలియునని యడుగగా ఒక వృద్ధ స్వర్ణకారుడు, "లాగేటప్పుడు సేతికే తెలుస్తాది నాయనా, బిర్రుగుంటే మళ్లా కాల్చుకో, దాంతో పంతం పట్టొద్దు" అని చెప్పెను. గ్రంథములలోని ఉష్ణోగ్రతల పట్టికలకంటె ఆ చేతి జ్ఞానమే నాకు ముందుగా పనికివచ్చినది.

అంచులు కలిసిన పిమ్మట వెలిగారము పూసి వెండి మాటు వేయుదురు. తగరపు మాటు సులభమే గాని, పిమ్మట కాల్చినప్పుడు అది కరిగి ఇత్తడిని పాడుచేయును. వెండి మాటు వేసిన గొట్టమును మరి రెండు మూడు రంధ్రములలో లాగినచో అతుకు గీత కంటికి కానరాకుండ అణగిపోవును. నల్లబడిన పైపొరను చింతపండు నీట ఉడికించి తీయుదురు. లోన ఏమియు నుంచక లాగిన గొట్టపు గోడ మందము పెద్దగా మారదు. నునుపైన ఉక్కుకడ్డీని లోన దూర్చి లాగినచో గోడయు పలుచనగును. వంచవలసివచ్చినప్పుడు పెన్నానది యిసుకను సన్నముగా జల్లించి, బాగుగా వేయించి, గొట్టమున కూరి, రెండు కొనలను మూసి వంచినచో నడుమ నొక్కుకొనిపోదు. వేయింపని యిసుకలో తడి మిగిలిన, కాచునప్పుడది ఆవిరియై గొట్టమును పగులగొట్టగలదు, కన్నులకు ప్రమాదము.

మా ప్రాంతమువారికి ప్రత్యేకముగా చెప్పవలసిన సంగతి మరియొకటి కలదు. వెనుక భారతదేశమునందలి ఆంగ్లసైన్యపు తూటాల ఇత్తడి గుల్లలు, వానకాలమున గుఱ్ఱపుసాలలయందు నిలువయుండగా, ఎవరును తాకకయే నిలువునా చీలుచుండెడివి. లాగుటచే లోహమున చిక్కుకొన్న బిగువు, గాలిలోని తేమ, గుఱ్ఱముల మూత్రమునుండి లేచు అమోనియా, ఈ మూడును ఒకచోట చేరుటయే కారణమని మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అను శాస్త్రజ్ఞులు 1921లో వివరించిరి. తూటా గుల్లయు లాగి చేసిన పలుచని ఇత్తడి నాళమే కదా! పశువులకొట్టము ప్రక్కనే పనిగది గలవారును, యూరియా బస్తాలను ఇంటిలోనే నిలువచేయువారును కడప జిల్లాలో తక్కువవారు గారు. మెరయుచుండగా దాచిన గొట్టము కొన్నినెలలకు చీలికతో బయటపడినచో రేకును నిందించి ఫలము లేదు. కడపటిసారి లాగిన పిమ్మట దానిని 250 డిగ్రీల వేడిలో ఒక గంట యుంచినచో, బిరుసు పోకుండగనే లోని బిగువు సడలును. రొట్టెల పొయ్యి యంతమాత్రపు వేడిని ఇయ్యగలదు. అడిగినచో కాదను బేకరీవాడు అరుదు.

బాయిలరులకు మాత్రము ఇత్తడి గొట్టమును వాడవలదని నమూనాకారులను ప్రాధేయపడుచున్నాను. వేడినీటిలో యశదము క్రమముగా కరిగిపోయి, గుల్లబారిన రాగి మిగులును. ఆవిరి ఒత్తిడికి అది యెప్పుడు లొంగునో చెప్పజాలము. 1829 నాటి రాకెట్ ఇంజనుకు స్టీఫెన్‌సన్‌లు పెట్టించిన 25 గొట్టములును రాగివే. చిన్నవారి ఎదుట నడపు నమూనాకు రాగికంటె తక్కువదానిని అంగీకరింపరాదు.

యంత్రపు గొలుసులు వచ్చిన పిమ్మట చేతితో లాగువారికి పని తగ్గినది. పనిలేని కమ్మచ్చులు తూకమునకు పోవుచున్నవి. ఇది నన్ను కలచివేయుచున్నది. కొనదలచినవారు పలకను వెలుతురునకు ఎత్తి ప్రతి రంధ్రమును చూడవలెను: అరిగి కోడిగ్రుడ్డు ఆకృతి దాల్చిన రంధ్రము గొట్టమునకు పనికిరాదు, లోపలి గోడపై గీత యున్నచో అది ప్రతి గొట్టముమీదను పడును. సన్నతీగల రంధ్రములు అరిగిపోయినను, స్వర్ణకారునకు అరుదుగా పనిబడు పెద్దరంధ్రములు తరచుగా చెక్కుచెదరక యుండును. నాలుగు మొదలు ఎనిమిది మిల్లీమీటర్లవరకు గల ఆ రంధ్రములే మనకు కావలసినవి.