గంజి పట్టిన రాయి

మొన్న సోలాపూర్ అశోక్ చౌక్ దగ్గర మా మామ పవర్‌లూమ్ షెడ్డుకు వెళ్లాను. అప్పుడే మగ్గం నుంచి దించిన టర్కీ తువ్వాల మీద ఆయన నాలుగు నీటిచుక్కలు చల్లాడు. చుక్కలు ఇంకలేదు, గుండ్రంగా అలాగే నిలబడ్డాయి.

"గంజి పోవాలె బిడ్డా, అప్పుడు తాగుతది" అన్నాడు.

భూగర్భశాస్త్రం చదివిన నాకు వెంటనే, ఖాళీలుండీ నూనెను వదలని రాయి ఉన్న రాజస్థాన్‌లోని బార్మేర్ గుర్తొచ్చింది. 2004లో అక్కడ మంగళ చమురు క్షేత్రం బయటపడింది. ఆ నూనె పుట్టింది సుమారు 6 కోట్ల ఏళ్ల నాటి సరస్సు బురదలో. గాలి తగలని అడుగుకు చేరిన నాచు, పైన పేరుకున్న మట్టి బరువుకు కిందికి దిగి, వేడెక్కి నూనెగా మారింది. అందులో మైనం ఎంత ఎక్కువంటే, గొట్టాన్ని వేడిగా ఉంచకపోతే దారిలోనే గడ్డకడుతుంది. నూనెలో ఎక్కువ భాగం ఎప్పుడో నదులు పోసిన ఫతేగఢ్ ఇసుకరాళ్లలోకి పాకింది. కొంత మాత్రం బార్మేర్ హిల్ అనే సరస్సు రాతిలోనే ఉండిపోయింది. డయాటమ్ అనే సూక్ష్మజీవుల పెంకులతో ఏర్పడిన రాయి అది. లోపల ఖాళీలు బోలెడు, ఒకదాన్నుంచి ఇంకోదానికి దారే సన్నం. ఒత్తిడితో నీళ్లు కొట్టి చీలిస్తే తప్ప నూనె కదలదు.

ఇసుకరాళ్లకూ గంజి పడుతుంది. రేణువుల సందుల్లో సున్నమో బంకమట్టో చేరితే మంచి ఇసుక కూడా నీళ్లు తాగని తువ్వాలే.

గంజి ఒక్కటే కాదు, రాయి పేరుకున్న చోటూ చూడాలి. సముద్రపు పొరలు చాలాచోట్ల మైళ్లకొద్దీ ఒకే తీరుగా సాగుతాయి. సరస్సు అలా కాదు. రెండేళ్లు వానలు లేకపోతే ఒడ్డు వెనక్కి జరుగుతుంది. ఎండాకాలంలో ఏ చెరువులోకైనా దిగి చూడండి: వాగు కలిసేచోట గరుకు ఇసుక, నడిమధ్య జారే బురద, ఆరినచోట తెల్లటి పొర. ఇవన్నీ పక్కపక్కనే రాళ్లవుతాయి. అందుకే ఒక్క బావి తవ్వి సరస్సు రాతి మీద తీర్పు చెప్పడం నాకు తప్పనిపిస్తుంది. ఒక్క తువ్వాల చూసి మామ మగ్గానికెక్కిన నూలు బీమంతటికీ వెల కట్టడు.

సరస్సు రాయైతే చాలు, నూనె ఉంటుందనీ అనుకోకూడదు. దక్కను నల్లరాతి లావా పొరల మధ్యా సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటి చిన్న సరస్సుల అడుగులున్నాయి, నత్తగుల్లలతో సహా. నూనె క్షేత్రాలయ్యేంత మందం వాటికి లేదు.

మన సాలోళ్ల పిల్లల్లో ఈ చదువు చదివేవాళ్లకు ఒక మాట. బావిలోంచి తీసిన రాతికడ్డీ మీ ముందుకొస్తే, ఆరిన ముక్క మీద ముందు ఒక్క నీటిచుక్క వేసి, ఎంతసేపట్లో ఇంకుతుందో చూడండి.