పదహారవ వంతు టైగర్

రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మనీ వాడిన టైగర్ టాంకును జపానులోని తమియా సంస్థ పదహారవ వంతు పరిమాణంలో, రేడియోతో నడిచే నమూనాగా తయారుచేసినది. ఫిరంగితో కలిపి అసలు టాంకు పొడవు 8.45 మీటర్లు, నమూనా సుమారు 53 సెంటీమీటర్లు. కొలతల పొందిక మెచ్చదగినదే. ఒకదానినొకటి కప్పుతూ ఉండే చక్రాల అమరిక ఇంత పెద్ద నమూనాలో తేటగా తెలియుచున్నది.

అయితే రూపం కుదిరినంత మాత్రాన స్వభావం కుదరదు. పొడవు 16వ వంతయితే వైశాల్యం 256వ వంతు, ఘనపరిమాణం 4,096వ వంతు అవుతుంది. 57 టన్నుల టాంకును అవే లోహాలతో ఈ పరిమాణంలో చేసినచో సుమారు 14 కిలోగ్రాములు తూగును. అప్పుడు కూడ నేలపై దాని పీడనం అసలుదానిలో 16వ వంతే! ప్లాస్టిక్ నమూనా అంతకన్న తేలిక. అందుచేతనే అది తోటమట్టిలో అవలీలగా పరుగెత్తును. అసలు టైగరుకు ఆ బరువే శత్రువు: అనేక వంతెనలు దానిని మోయలేకపోయినవి, యంత్రభాగాలు తరచు చెడిపోయినవి.

లోపల బరువు చేర్చి, లోహపు పట్టాలు తొడిగి, కదలికకు కొంత నిండుదనం తేవచ్చును. కాని ప్రకృతి నియమాన్ని నమూనాకు తగినట్లు కుదించలేము. టైగర్ ఎట్లుండెడిదో ఈ నమూనా చక్కగా చూపును. ఎందుకు ఇబ్బంది పడినదో చూపదు. ప్రక్కన ఈ చిన్న లెక్క కూడ వ్రాసి ఉంచినచో ఆటబొమ్మ పాఠమగును.