సెప్టెంబరు 17: పేరు చుట్టూ వివాదం – తెలుగు రచనల సాక్ష్యం

వ్యాససంగ్రహం

1948 సెప్టెంబరు 17న హైదరాబాదు సంస్థానం భారత సైన్యానికి లొంగిపోయింది. ఆ రోజును విమోచన, విలీనం, విద్రోహం, సమైక్యత అనే వేర్వేరు పేర్లతో పిలవడం నేటి తెలంగాణలో రాజకీయ పక్షాలకు గుర్తుగా మారింది. ఈ పేర్ల అర్థనిర్మాణాన్ని విశ్లేషించి, ఆ కాలాన్ని చిత్రించిన తెలుగు రచనలతో పోల్చి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పోలీసు చర్య, జాతీయత, నామకరణం, తెలంగాణ సాయుధ పోరాటం, స్వీయకథనం, మౌఖిక చరిత్ర

1. ఉపోద్ఘాతం

జాతీయత విషయంలో భేదాభిప్రాయం ప్రజాస్వామ్యానికి కొత్త కాదు. అయితే ఆ భేదం వాదంగా సాగక ఒక పేరు దగ్గరే ఆగిపోయినప్పుడు, వాడిన మాటను బట్టి మనిషి పక్షాన్ని తేల్చే అలవాటు మొదలవుతుంది. సెప్టెంబరు 17 ఇందుకు స్పష్టమైన ఉదాహరణ. 2022లో ఆ రోజున హైదరాబాదులో కేంద్ర ప్రభుత్వం పరేడ్ గ్రౌండ్స్‌లో విమోచన దినోత్సవాన్ని, రాష్ట్ర ప్రభుత్వం పబ్లిక్ గార్డెన్స్‌లో జాతీయ సమైక్యతా దినోత్సవాన్ని వేర్వేరుగా నిర్వహించాయి. రాష్ట్రంలో ప్రభుత్వం మారాక, 2024లో అదే రోజు ప్రజాపాలన దినోత్సవమైంది. వామపక్షాలు సాయుధ పోరాట వారోత్సవాలు జరుపుతాయి. విద్రోహ దినంగా పాటించేవారూ ఉన్నారు.

పూర్వపు సంస్థానంలోనే భాగమైన మరాఠ్వాడాలో ఇదే రోజు ముక్తి సంగ్రామ దినం. కర్ణాటకలో ఒకప్పుడు విమోచన దినంగా జరిగినది 2019 నుంచి కళ్యాణ కర్ణాటక ఉత్సవంగా మారింది. అక్కడ పేరు గురించి ఇంత తీవ్రమైన వివాదం కనిపించదు. సాయుధ రైతాంగ పోరాటం ప్రధానంగా తెలంగాణ జిల్లాలలో సాగడం, అది సెప్టెంబరు 17తో ముగియకపోవడం ఈ తేడాకు ముఖ్యకారణాలు.

2. పేరులోని కర్త, కర్మ

ప్రతి పేరూ ఒక సంక్షిప్త వాక్యం. విమోచన అనే మాటకు విడిపించినవారు, విడుదలైనవారు, బంధం అనే మూడూ కావాలి. ఇక్కడ బంధం నిజాం పాలన. 1948 ఆగస్టు 27న రజాకార్ల దాడిలో రక్తసిక్తమైన బైరాన్‌పల్లి వంటి గ్రామాల అనుభవంలో ఈ మాటకు బలమైన ఆధారం ఉంది. కానీ బంధాన్ని తెంచినవారు ఎవరన్న ప్రశ్నకు ఈ మాట సులభంగా సైన్యాన్నే చూపిస్తుంది. 1946 జూలైలో కడవెండిలో దొడ్డి కొమరయ్య మరణం నుంచి పోరాడుతున్న రైతుకూలీలు కర్త స్థానం నుంచి కర్మ స్థానానికి జరుగుతారు.

విలీనం అకర్మక భావం. ఉప్పు నీటిలో కరిగినట్టు సంస్థానం దేశంలో కలిసిపోయిందన్న స్ఫురణను ఇస్తుంది. అయిదు రోజుల సైనిక చర్య ఈ మాటలో కనిపించదు. సైనిక చర్యను 'పోలీసు చర్య' అన్న అధికారిక పరిభాషకు ఇది సహజమైన కొనసాగింపు. సమైక్యత మరో అడుగు ముందుకు వేసి, సంఘటనను వదిలి స్థితిని మాత్రమే చెబుతుంది. విద్రోహం ఇందుకు పూర్తిగా భిన్నం. అది మోసగించినవారినీ మోసపోయినవారినీ కోరుతుంది. సైన్యం రైతాంగ దళాలపైకి మళ్లిందనీ, నిజాం 1950లో రాజప్రముఖ్ అయ్యాడనీ ఈ పేరు గుర్తుచేస్తుంది. అయితే రజాకార్ల హింస అంతమైన రోజుగా ఆ తేదీని తలచుకునే గ్రామాలకు ఈ పేరులో చోటు లేదు.

సుందర్‌లాల్ కమిటీ తన నివేదికలో పోలీసు చర్య సమయంలోనూ ఆ తర్వాతా కనీసం 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు కోల్పోయి ఉంటారని అంచనా వేసింది. మృతులలో అధికులు ముస్లింలు. వాడుకలో ఉన్న పేర్లలో ఏదీ వీరిని గుర్తుకు తేదు. ఒక పేరును ఎంచుకోవడమంటే ఎవరి మరణాలను లెక్కలోకి తీసుకోవాలో ఎంచుకోవడం కూడా.

3. రచనల సాక్ష్యం

ఆనాటి రచయితలు ఏకాభిప్రాయంతో లేరు. ఒకే పార్టీలో పనిచేసిన రావి నారాయణరెడ్డి, పుచ్చలపల్లి సుందరయ్య ఈ విషయంలో విభేదించారు. సైన్యం ప్రవేశించాక సాయుధ పోరాటాన్ని కొనసాగించరాదన్నది రావి నారాయణరెడ్డి వైఖరి. 1951 అక్టోబరులో విరమించేవరకు దాన్ని కొనసాగించడాన్ని సుందరయ్య తన 'వీర తెలంగాణ విప్లవ పోరాటం – గుణపాఠాలు' గ్రంథంలో సమర్థించాడు. ఆ గ్రంథంలో పార్టీ దృష్టి ప్రబలంగానే ఉంది. అయినా ఎదుటి వాదాన్ని ఒక నిందావాచకంతో తోసిపుచ్చకుండా, ప్రాంతాలవారీగా సంఘటనలు పేర్కొంటూ వాదించడం దాని బలం. పాఠకుడు విభేదించాలన్నా ఆధారం అందులోనే దొరుకుతుంది.

నవలలో కాలవిభజన మరో సాక్ష్యం. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు', 'మోదుగుపూలు' నవలలలో నిజాం కాలపు తెలంగాణను చిత్రించాడు. అక్కడితో ఆగకుండా, పోలీసు చర్య తర్వాతి జీవితాన్ని 'జనపదం'లో చిత్రించాడు. విమోచనతో కథ సుఖాంతమయ్యేదైతే మరో నవల అవసరమయ్యేది కాదు. నెల్లూరి కేశవస్వామి హైదరాబాదులోని హిందూ ముస్లిం జీవితాల నేపథ్యంలో రాసిన కథకు పెట్టిన పేరు 'యుగాంతం'. ఇది గెలిచినవారినీ ఓడినవారినీ చెప్పదు. ఒక కాలం ముగిసిందని మాత్రమే చెబుతుంది. రాజకీయ వేదికలకు పనికిరాని ఈ పేరు సాహిత్యంలో బలంగా నిలవడానికి కారణం ఆ నిష్పాక్షికత కాదు, ముగింపులో ఉన్న నష్టాన్ని దాచకపోవడం.

స్త్రీశక్తి సంఘటన వెలువరించిన 'మనకు తెలియని మన చరిత్ర' (1986) ఈ చర్చకు మరో కోణాన్ని చేర్చింది. పోరాటంలో పాల్గొన్న స్త్రీల మౌఖిక కథనాలలో జీవితాన్ని రెండుగా చీల్చే మలుపు సెప్టెంబరు 17 ఒక్కటే కాదు. ఉద్యమ విరమణ తర్వాత మళ్లీ ఇంటికీ వంటింటికీ మరలవలసిరావడం వారికి అంతకన్నా పెద్ద ప్రశ్న. ఏ తేదీ ముఖ్యమన్నది చెప్పేవారి స్థానాన్ని బట్టి మారుతుందని ఈ గ్రంథం నిరూపించింది.

4. ముషీరాబాదు పరిసరాలు: పఠన సమస్య

ఈ వివాదానికి సంబంధించిన జ్ఞాపకాలు ముషీరాబాదు పరిసరాలలో ఒకదానికొకటి చేరువలోనే ఉన్నాయి. సంస్థానం భారతదేశంలో చేరాలని రాసిన ఉర్దూ పత్రిక 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ 1948 ఆగస్టులో కాచిగూడ ప్రాంతంలో హత్యకు గురయ్యాడు. మతాన్ని బట్టి, భాషను బట్టి ఆనాటి పక్షాలను నిర్ణయించే వాదానికి ఆయన జీవితమే సమాధానం. సాయుధ పోరాట పిలుపుపై రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డిలతో పాటు సంతకం చేసిన మఖ్దూం మొహియుద్దీన్ ఉర్దూ కవి కావడం మరో సమాధానం. అక్కడికి దగ్గరలోనే బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం ఉన్నాయి.

అశోక్‌నగర్ గదులలో ఉంటూ ఆ గ్రంథాలయంలో చదువుకునే ఉద్యోగార్థులకు తెలంగాణ చరిత్ర పరీక్షాంశం. పోటీపరీక్ష పద్ధతి ఒక తేదీకి ఒక సమాధానాన్ని కోరుతుంది. ప్రభుత్వాలతో పాటు పేరు మారుతుంటే, అభ్యర్థి చరిత్రను కాక అధికారిక పరిభాషను గుర్తుపెట్టుకోవలసి వస్తుంది. మూల రచనలు నడచి వెళ్లే దూరంలో ఉన్నా అవి పఠన పరిధిలోకి రావు. ధ్రువీకరణకు నినాదం ఎంత కారణమో ఈ పఠనలోపమూ అంతే కారణం.

5. ముగింపు

1945 మే 8ని పశ్చిమ జర్మనీ చాలాకాలం ఓటమి దినంగానే తలచుకుంది. 1985లో అధ్యక్షుడు వైత్సేకర్ దాన్ని విముక్తి దినం అన్నాడు. ఆ మాట నిలవడానికి కారణం అదే ప్రసంగంలో ఆయన నాజీ హింసకు బలైన సమూహాలను పేరుపేరునా తలచుకోవడం, ఆ రోజును నాజీలు అధికారానికి వచ్చిన 1933 నుంచి విడదీయరాదని చెప్పడం. పేరుకు విశ్వసనీయత దాని వెనుక ఉన్న వివరణ వల్ల వస్తుంది.

సెప్టెంబరు 17కు అందరూ ఒప్పుకునే పేరు కనిపెట్టడం సాహిత్య విమర్శ పని కాదు. ప్రతి పేరునూ సమర్థన కోరే ప్రతిపాదనగా బోధించడం దాని పని. విమోచన అనేవారు 1951 వరకు సాగిన పోరాటాన్నీ, సుందర్‌లాల్ నివేదికలోని మృతులనూ వివరించాలి. విద్రోహం అనేవారు బైరాన్‌పల్లికి సమాధానం చెప్పాలి. విలీనం, సమైక్యత అనేవారు ఈ రెండింటికీ బాధ్యత వహించాలి. డిగ్రీ, పీజీ తరగతులలో సుందరయ్య గ్రంథాన్ని రావి నారాయణరెడ్డి జ్ఞాపకాలతో, ఆ రెండింటినీ స్త్రీల మౌఖిక కథనాలతో కలిపి చదివించడం ఇందుకు ఆచరణీయమైన మార్గం. అప్పుడు విద్యార్థులు విభేదించడం మానరు. దేని గురించి విభేదిస్తున్నారో వారికి తెలుస్తుంది.