మిగిలిపోయిన రంగులు

మా అల్మారా అడుగు అరలో ఒక బిస్కెట్ల రేకు డబ్బా ఉంది. మూడేళ్లుగా మా మనవరాలు వదిలేసిన క్రేయాన్ ముక్కలన్నీ అందులోకే చేరాయి. హైదరాబాద్ నుంచి సెలవులకి విజయవాడ వచ్చినప్పుడల్లా ఒక రంగుల పెట్టె వెంట తెచ్చుకుంటుంది. వెళ్లేటప్పుడు విరిగినవన్నీ నా దగ్గర వదిలేస్తుంది. విరిగిన క్రేయాన్‌తో బొమ్మ వెయ్యదు. "ఒకటి రెండయింది, నీకే లాభం కదే" అన్నా వినదు. వాటిని చెత్తబుట్టలో వెయ్యడానికి నాకు చేతులు రాలేదు.

మొన్న సంక్రాంతి సెలవుల్లో ఆ డబ్బా తెచ్చి చాప మీద బోర్లించాం. ముందు ముక్కలకి చుట్టిన కాగితం ఒలవాలి. గోరువెచ్చటి నీళ్లలో కాసేపు నానేస్తే చాలావరకు దానంతటదే ఊడి వస్తుంది. ఒలిచినవి తుడిచి, ఏ రంగుకి ఆ రంగు కుప్ప పెట్టమన్నాను. కుప్పలు తయారయ్యాక ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. నలుపు దాదాపు లేదు. నీలం, ఎరుపు గోరంత ముక్కలు. ఆకుపచ్చ కాస్త నయం. బ్రౌన్, తెలుపు మాత్రం నిన్న కొన్నట్టు పొడుగ్గా, మొన అయినా అరగకుండా ఉన్నాయి. ఏది ఎంత అరిగిందో చూస్తే ఆ పిల్ల మూడేళ్లలో ఏమేం గీసిందో చెప్పెయ్యొచ్చు. నలుపు జడలకీ కాకులకీ పోయింది. నీలమంతా ఆకాశం తాగేసింది. బ్రౌన్ చెట్టు మొదలు దగ్గర రెండు గీతలు గీసి ఆగిపోయింది. తెల్లకాగితం మీద తెలుపుకి పనేముంది?

బ్రౌన్ పక్కన మరో చిన్న కుప్ప ఉంది. లేత నారింజ, గులాబీ కలిసినట్టుండే ఆ రంగుని పిల్లలు 'స్కిన్ కలర్' అంటారు. బళ్లో పక్కవాళ్లని అడిగేది కూడా ఆ పేరుతోనే. మొహాలన్నీ దానితోనే నింపుతారు. మా ఇంట్లో ఆ రంగు మనిషి ఒక్కరూ లేరు. నేనూ, నా కూతురూ, మనవరాలూ ముగ్గురం చామనచాయ. ఇంత చక్కటి మాట మన భాషలో ఉండగా ఆ పేరు పిల్లల నోట ఎలా పడిందా అని నాకు ఎన్నోసార్లు బాధ కలిగింది. అమెరికాలో క్రేయోలా కంపెనీ కూడా ఒకప్పుడు ఆ రంగుని అలాంటి పేరుతోనే అమ్మేది. 1962లో పేరు మార్చి, పీచ్ పండు పేరు పెట్టింది. 2020లో రకరకాల ఒంటి ఛాయలతో 24 రంగుల పెట్టె తెచ్చింది. అదే కంపెనీ 1903లో అయిదు సెంట్లకి అమ్మిన మొదటి పెట్టెలో ఎనిమిదే రంగులు. ఆ ఎనిమిదిలో బ్రౌన్ ఉంది, తెలుపు లేదు.

ఇక ఈ ముక్కల్ని కరిగించి, కిటికీకి కట్టే రంగు కాగితాలు చేసే పని సంగతి. క్రేయాన్ అంటే ముఖ్యంగా పారఫిన్ మైనం, అందులో కలిపిన రంగుపొడి. కాస్త వేడి తగిలితే కరుగుతుంది, చల్లారగానే గట్టిపడుతుంది. ముక్కల్ని షార్ప్‌నర్‌లో తిప్పితే పల్చటి రేకలు రాలతాయి. మరీ పొట్టివాటిని నేను పాత చాకుతో గీకాను. కొబ్బరి కోరాము జోలికి మనవరాలిని వెళ్లనివ్వలేదు. మైనం పట్టిన కోరాము మళ్లీ వంటకి పనికిరాదు. బటర్ పేపర్ సగానికి మడిచి, ఒక సగం మీద ఈ రేకలు చల్లి, రెండో సగం మూసి, కిందా పైనా పాత నూలుగుడ్డ వేసి, బాగా తక్కువ వేడి మీద ఇస్త్రీ పెట్టె ఆనిస్తే సరిపోతుంది. తోమకూడదు, ఆనించి ఎత్తాలి. అయిదారు సెకన్లలో రేకలన్నీ ఒకదానిలోకి ఒకటి జారతాయి. ఇస్త్రీ పెట్టె నా చేతిలోనే ఉంటుంది, రంగులు చల్లేది తను. ఆ సరిహద్దు మేం ఇద్దరం దాటలేదు. ఎరుపు మీద ఆకుపచ్చ గుప్పెడు పోస్తుంటే బురద రంగు అవుతుందని నాకు తెలుసు. చెప్పలేదు. బురద రంగే అయింది. దాన్ని చూసి, రెండోసారి ఎరుపునీ ఆకుపచ్చనీ చెరో మూలా పెట్టి, మధ్యలో పసుపు చల్లింది. నేను ముందే చెప్పి ఉంటే ఆ పసుపు ఆలోచన నాది అయ్యేది.

బటర్ పేపర్ పేరుతో రెండు రకాలు దొరుకుతాయని నిరుడు వేసవిలో తెలిసింది. కేకుల పళ్లెంలో పరిచే రకానికి సిలికాన్ పూత ఉంటుంది. దాని పని దేన్నీ అంటుకోనివ్వకపోవడం. మైనాన్నీ అంటుకోనివ్వలేదు, చల్లారాక రెండు పొరలూ విడిపోయాయి. పూత లేని పల్చటి కాగితమైతే మైనాన్ని లోపలికి పీల్చుకుని అద్దంలా తేటపడుతుంది. ఆ కాగితం తెచ్చి మళ్లీ చేశాం. చేసి పడమటి కిటికీకి అంటించాం. మే నెల, విజయవాడ. రెండో రోజు సాయంత్రానికి రంగులన్నీ కిందికి జారి, అంచులోంచి కారి, కిటికీ గట్టు మీద మరకలయ్యాయి. పిల్ల ఏడ్చింది. తన చేత్తో చేసినది కళ్లముందు కారిపోతుంటే ఏడవదా? సంక్రాంతికి మళ్లీ చేద్దామని మాటిచ్చాను.

సంక్రాంతి దీనికి సరైన కాలం. వేసవిలో మనకి సూర్యుడు నడినెత్తికి వస్తాడు, దక్షిణపు కిటికీలోంచి ఎండ లోపలికి రాదు. జనవరిలో దక్షిణానికి ఒరిగి ఉంటాడు కాబట్టి మధ్యాహ్నం ఎండ ఏటవాలుగా గదిలోకి వస్తుంది. మైనం కరిగేంత వేడి ఉండదు, వెలుతురు మాత్రం దండిగా ఉంటుంది. పండగ కదా అని ఇస్త్రీ చేసిన కాగితాల్ని గాలిపటాల ఆకారంలో కత్తిరించాం. పైన సూదితో చిల్లు చేసి, దారం కట్టి, కిటికీ చువ్వలకి వరసగా వేలాడదీశాం.

రంగులు కాగితం మీద ఒకలా, వెలుతురుకి అడ్డం పెట్టినప్పుడు ఇంకోలా ఉంటాయని నేను చదివి ఉన్నాను. ఇంత స్పష్టంగా ఎప్పుడూ చూడలేదు. చాప మీద మెరిసిపోయిన తెలుపు కిటికీలో మబ్బుపట్టినట్టు బూడిద రంగుకి తిరిగింది. తెలుపు కోసం వేసే పొడి వెలుతురుని దాటనివ్వదు, వెనక్కి కొడుతుంది. నలుపు పడిన చోట చీకటి చుక్క తప్ప ఏమీ లేదు. ముదురు నీలం మందంగా పడితే అదీ అంతే, పల్చగా చల్లిన చోట మాత్రం బాగుంది. బ్రౌన్! ఎవరూ ముట్టని ఆ పొడుగు ముక్కని ఆఖర్న, వేరే రంగులు అయిపోయాక, తప్పక గీకాం. పల్చగా కరిగిన ఆ రేకల్లోంచి ఎండ వచ్చేసరికి కొత్త తేనె రంగు. దాని పక్కన ఎరుపు గాలిపటం కూడా వెలవెలబోయింది.

మనవరాలు ఆ బ్రౌన్ గాలిపటం వెనక చెయ్యి పెట్టింది. కాగితం దాటి వచ్చిన వెలుగు ఆమె ముంజేతి మీద పడింది. చేతి మీద రంగు పడిందో లేదో ఎంతకీ తేలలేదు. రెండూ ఒకటే రంగు. చెయ్యి ముందుకీ వెనక్కీ జరిపి చూసుకుంది. "అమ్మమ్మా, నాది కనిపించట్లేదు" అంది. తర్వాత నా చెయ్యి లాగి పక్కన పెట్టింది. వంటింట్లో అరిసెల పాకం చూస్తున్న వాళ్లమ్మని కూడా పిలుచుకొచ్చింది. మూడు చేతులు వరసగా పెట్టి చాలాసేపు చూసింది. నేనేమీ అనలేదు. ఆ రంగుని తెలుగులో ఏమంటారని అడిగితే చామనచాయ అని మాత్రం చెప్పాను. ఆ మాట నోట్లో రెండు మూడుసార్లు తిప్పుకుని, వెళ్లి మిగతా బ్రౌన్ అంతా గీకేసింది.

ఆ గీకుతున్న చేతిని చూస్తుంటే నాకు ఏటికొప్పాక గుర్తొచ్చింది. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో లక్క బొమ్మలకి రంగు వెయ్యడానికి కుంచె ఉండదు. అంకుడు కర్రని తరిమెన మీద గిర్రున తిప్పుతూ, రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. అచ్చం పెద్ద క్రేయాన్‌లా ఉంటుంది ఆ కడ్డీ. తర్వాత మొగలి ఆకుతో రుద్ది మెరుగు పెడతారు. గింజల్లోంచీ బెరళ్లలోంచీ వేళ్లలోంచీ రంగులు తీసే విద్యని ఆ ఊరు నిలబెట్టుకుంది. 2017లో ఆ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా అమ్మాయి చిన్నప్పుడు ఆడుకున్న లక్కపిడతలు ఇంకా దేవుడి గూట్లో ఉన్నాయి. తీసి మనవరాలికి ఇచ్చాను. వేలితో తడిమి, "ఇది కూడా కరిగించిందేనా?" అంది. అవును తల్లీ, ఇదీ కరిగించిందే.

సెలవులయ్యాక వెళ్లిపోయింది. గాలిపటాలు కిటికీకే ఉన్నాయి. మధ్యాహ్నం భోజనాలయ్యే వేళకి తేనె రంగు మరక కుర్చీ చేతి మీద పడి, మూడున్నరకల్లా గోడ ఎక్కుతుంది. శివరాత్రి దాటి ఎండ గట్టిపడేలోపు వాటిని దించి, పాత క్యాలెండర్ కాగితాల మధ్య పెట్టి, చల్లటి చోట దాచమని ఫోన్‌లో రెండుసార్లు గుర్తు చేసింది. నిరుటి ఏడుపు ఇంకా మర్చిపోలేదు.

డబ్బాలో ఇప్పుడు తెల్లముక్కలే మిగిలాయి. పదకొండు. కిటికీ వాటికి అచ్చిరాలేదు. కానీ తెల్లకాగితం మీద తెల్ల క్రేయాన్‌తో ముగ్గు వేసి, దాని మీద పల్చటి నీళ్ల రంగు పూస్తే మైనం ఉన్న గీత మీద నీరు నిలవదు, అంతవరకు కనపడని ముగ్గు తెల్లగా బయటికొస్తుంది. వేసవికి వచ్చేటప్పుడు వాటర్ కలర్స్ తెచ్చుకోమన్నాను. ఎందుకో చెప్పలేదు.