హైదరాబాద్ పేటల చరిత్ర: కాలినడకన పట్టుబడే విద్య

నగర చరిత్ర అనగానే రాజుల వరుస, యుద్ధాల తేదీలు, కోటల వర్ణనలు గుర్తుకు రావడం సహజమే గానీ, ఒక నగరం నిజంగా ఎలా బతికిందో చెప్పేది మాత్రం దాని పేటలు, మొహల్లాలు, గల్లీల చరిత్రే. రాజవంశ చరిత్రకు తవారీఖులు, అంటే ఆస్థాన చరిత్రకారులు రాసిన గ్రంథాలు, ఆధారంగా నిలుస్తాయి. పేటకు అలాంటి గ్రంథం ఒక్కటీ దొరకదు కనుక, దాని చరిత్ర రాయబూనినవారు రాతిని, కాగితాన్ని, పటాన్ని, మనిషి జ్ఞాపకాన్ని ఒకదానితో ఒకటి సరిచూసి నిజం తేల్చవలసి ఉంటుంది. చరిత్ర రచనలో ఇంతకు మించిన పరీక్ష లేదు. ఈ పరీక్షలో నెగ్గిన మహనీయులు ఇందరు హైదరాబాద్‌కు దొరకడం ఈ నగరం చేసుకున్న పుణ్యం.

ఈ పనికి తెలుగు నేల మీద పాత పునాదే ఉంది. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ కోసం ఏలూరుకు చెందిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి ఊరూరా శాసనాలు, కరణాల దగ్గరి కవిలెలు, అంటే గ్రామ లెక్కలు రాసి ఉంచిన పాత దస్తరాలు, సేకరించగా, వాటి నుంచి పుట్టిన కైఫీయతులు స్థానిక చరిత్రకు తెలుగువారు అందించిన గొప్ప నిధి. బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే కన్నుమూసినా తమ్ముడు లక్ష్మయ్య ఆ పనిని ఆగనివ్వలేదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో కాశీయాత్రకు వెళుతూ దారిలో చూసిన హైదరాబాద్‌ను కూడా తెలుగులో వర్ణించి పెట్టాడు.

హైదరాబాద్ విషయంలో మొదట నమస్కరించవలసింది సయ్యద్ అలీ అస్గర్ బిల్గ్రామీకి. నగరంలోనూ శివార్లలోనూ ఉన్న మసీదులు, సమాధులు, సరాయిలు, బావుల వివరాలను శాసనాలతో సహా ఒకచోట చేర్చి ఆయన 1927లో వెలువరించిన 'ల్యాండ్‌మార్క్స్ ఆఫ్ ది డెక్కన్' లేకపోతే ఈనాడు కూలిపోయిన అనేక కట్టడాల గురించి చెప్పే నాథుడే ఉండేవాడు కాదు. 1931లో ఇదారె అదబియాతె ఉర్దూ సంస్థను నెలకొల్పిన మొహియుద్దీన్ ఖాద్రీ జోర్, నగర నిర్మాణానికి రూపకల్పన చేసిన మీర్ మోమిన్ జీవితాన్ని వెతుకుతూ పోయి ఒక మనిషి కథలోంచి ఒక నగర విన్యాసాన్నే వెలికితీశాడు. హారూన్ ఖాన్ షేర్వానీ కుతుబ్‌షాహీల చరిత్రకు ఆధారాల క్రమశిక్షణ నేర్పాడు. ఐఏఎస్ అధికారిగా పనిచేసిన నరేంద్ర లూథర్ ఆ పాండిత్యాన్ని సామాన్య పాఠకుడి చేతికి అందేలా చేశాడు. తెలంగాణలో తెలుగు కవులే లేరన్న నిందకు 354 మంది కవులతో 1934లో 'గోలకొండ కవుల సంచిక' వేసి జవాబిచ్చిన సురవరం ప్రతాపరెడ్డి, లేదన్నదాన్ని ఉందని నిరూపించడానికి ఊరూరి నుంచి సేకరణ ఒక్కటే మార్గమని చాటాడు. వీరి పుటలు చదివినవారికి నాసిరకం రాతలు ఇక రుచించవు.

ఈ విద్యలో మొదటి మెట్టు నడక. లాల్ దర్వాజా, ఫతే దర్వాజా, అలియాబాద్, దూద్ బౌలి, యాకుత్‌పురా, దబీర్‌పురా అన్న పేర్లు నేటి ప్రయాణికుడికి బస్సు స్టాపులు మాత్రమే. ఆ పేర్లను వరుసగా కలుపుతూ నడిచే పరిశోధకుడికి మాత్రం పాతనగరం చుట్టూ ఒకప్పుడున్న ప్రాకారం కాళ్ల కిందే గీసినట్టు కనబడుతుంది. ఆ ప్రాకారపు ద్వారాల్లో దబీర్‌పురా, పురానాపూల్ దర్వాజాలు రెండే నేటికీ నిలిచి ఉన్నాయి. మిగిలినవాటి చోటును తెలుసుకోవడానికి వీధి వంపు, నేల ఎత్తుపల్లాలు, ఎక్కడైనా మిగిలిన రాతిగోడ ముక్క సాక్ష్యాలవుతాయి. అదే కళ్లతో కార్వాన్‌ను చూస్తే, 1578 నాటి పురానాపూల్ వంతెన నగర స్థాపన కంటే 13 ఏళ్లు పెద్దదనీ, గోలకొండ నుంచి వంతెనకు వచ్చే దారి మీద వర్తకుల పేట పెరగడం కాకతాళీయం కాదనీ, 1671లో మూసాఖాన్ అక్కడ కట్టించిన టోలీ మసీదు నగిషీ ఆ దారి సంపదకు అద్దమనీ బోధపడుతుంది.

రెండో మెట్టు రాయి చదవడం. మసీదుల మీద, సమాధుల మీద ఉండే శిలాఫలకాల్లో సంవత్సరాన్ని చాలాసార్లు అంకెల్లో కాక అక్షరాల్లో దాచి చెబుతారు. ఒక్కో అరబీ అక్షరానికి ఒక్కో విలువ ఉండే ఈ లెక్కను అబ్జద్ అంటారు. నగర స్థాపనకు సంకేతంగా చెప్పే 'యా హాఫిజ్' అన్న మాటనే తీసుకుంటే, యే 10, అలిఫ్ 1, హే 8, మళ్లీ అలిఫ్ 1, ఫే 80, జోయ్ 900; అన్నీ కలిపితే సరిగ్గా 1000. హిజ్రీ 1000వ సంవత్సరం 1591 అక్టోబరులో మొదలైంది. రెండు మాటల్లో ప్రార్థననూ, తేదీనీ ఇమిడ్చిన ఆ నేర్పుకు చేతులెత్తి మొక్కాలి. దాన్ని విప్పి చదవగల పండితుడికి మరోసారి మొక్కాలి. హిజ్రీ ఏడాది చాంద్రమానం కనుక ఏదో ఒక స్థిర సంఖ్య కలిపితే క్రీస్తుశకం రాదు. నిజాం ప్రభుత్వ దస్తరాల్లోని ఫస్లీ ఏడాదికి, అంటే రెవెన్యూ సంవత్సరానికి, మాత్రం 590 కలపాలి, జనవరి నుంచి 591 కలపాలి. ఈ భేదం తెలియక ఒక ఇంటి వయసును, ఒక పేట పుట్టుకను తారుమారు చేసిన పుస్తకాలకు కొదవలేదు.

మూడో ఆధారం పటం. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్న తరువాత నగరాన్ని కొత్తగా తీర్చిదిద్దే పని మొదలై, 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడగా, లియోనార్డ్ మన్ పర్యవేక్షణలో 1912-15 మధ్య నగరాన్ని ఇల్లిల్లూ కొలిచి పటాలు గీశారు. ప్రహరీలు, బావులు, సందులు, ఇళ్ల హద్దులు కనిపించే ఆ పటాలను నేటి ఉపగ్రహ చిత్రం మీద పరిచి చూస్తే, ఏ బావి మీద ఏ అపార్ట్‌మెంటు లేచిందో, ఏ తోట ఏ కాలనీ అయిందో, పత్తర్‌గట్టీ రాతి కమానుల కోసం ఏ ఇరుకు సందులు మాయమయ్యాయో తేటతెల్లమవుతుంది. ఒక్క పటాన్ని ఓపికగా చదవడం వంద ఊహాగానాల కంటే మేలు.

నాలుగోది కాగితం. తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో మొగలుల నాటి పత్రాలు మొదలుకొని నిజాంల ఫర్మానుల దాకా భద్రంగా ఉన్నాయి. 1891లో అసఫియా గ్రంథాలయంగా మొదలై నేడు అఫ్జల్‌గంజ్‌లో ఉన్న కేంద్ర గ్రంథాలయం మరో గని. అయితే 1880ల వరకు రాజ్యపాలన పారశీకంలో, ఆ తరువాత ఉర్దూలో సాగింది కనుక, శికస్తా అనే గొలుసుకట్టు రాత చదవలేనివారికి ఈ ద్వారాలు సగమే తెరుచుకుంటాయి. ఐదోది మనిషి. వృద్ధులు తేదీలు చెప్పరు. 'తుగ్యానీ'కి, అంటే మూసీ వరదకు, ముందో వెనకో, భారత సైన్యం నిజాం రాజ్యంలోకి వచ్చిన పోలీసు చర్య నాటికి పెళ్లయిందో లేదో అని చెబుతారు. ఆ గుర్తులను పటంతోనూ పత్రంతోనూ కలిపి కాలం నిర్ణయించడమే నేర్పు. వరదలో సుమారు 150 మందిని కొమ్మల మీద నిలిపి కాపాడిందని చెప్పుకునే ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు గాథ అలా నోటి మాటగానే తరాలు దాటి వచ్చింది.

ఇన్ని ఆధారాలు చేతికొచ్చాక వాటిని తూచే గుండె నిబ్బరం కావాలి. నగర స్థాపకుడు కులీ కుతుబ్‌షా ప్రేయసిగా చెప్పే భాగమతి ఉనికిని షేర్వానీ కల్పనగా తోసిపుచ్చగా, లూథర్ సమకాలిక రచనలు చూపి నిజమేనని వాదించాడు. ఇద్దరూ ఆధారం చూపే మాట్లాడారు కనుక ఇద్దరూ గౌరవనీయులే. మూసారాంబాగ్ పేరు ఫ్రెంచి సేనాని రేమండ్ నుంచి వచ్చిందన్న మాటను నమ్మవచ్చు. ఎందుకంటే 1798లో మరణించిన ఆయన సమాధి ఆ దాపునే ఉన్న ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద, పేరులోని పొడి అక్షరాలతో సహా, కళ్ల ముందుంది. పేరు ధ్వనిని బట్టి కథ అల్లడం వేరు, పేరు వెనక రాయిని చూపడం వేరు.

ఈ తేడా తెలియనివారి చేతుల్లో పడి నేడు పేటల చరిత్ర నలిగిపోతోంది. ఫోన్లలో తిరిగే వీడియోల్లో ప్రతి పాత గోడ వెనకా ఒక సొరంగం, ప్రతి బావిలో ఒక నిధి, ప్రతి దేవిడీలో ఒక దయ్యం ప్రత్యక్షమవుతాయి. ఒకరు అల్లిన అబద్ధాన్ని పదిమంది ఎత్తి రాసుకోగా, పదకొండోవాడికి అదే 'ప్రసిద్ధ చరిత్ర' అయి కూర్చుంటుంది. స్థిరాస్తి వ్యాపారుల కరపత్రాలు నిన్నమొన్నటి లేఅవుట్లకు నవాబుల వంశవృక్షం తగిలిస్తున్నాయి. బిల్గ్రామీ పుటలను పేరైనా చెప్పకుండా ఎత్తి, తప్పులు చేర్చి అమ్ముకునే పుస్తకాలున్నాయి. ఇది చరిత్ర కాదు, దొంగసొత్తు. ఒక శిలాఫలకం, ఒక దస్తావేజు చూడకుండా కుర్చీలోంచి లేవని వారికి 'చరిత్రకారుడు' బిరుదు ఇవ్వడం, ఎండలో గల్లీలు తిరిగిన పండితులకు చేసే అవమానం.

మరోవైపు ఆధారాలే నేలమట్టమవుతున్నాయి. సాలార్‌జంగ్ కుటుంబపు దివాన్ దేవిడీలో, అంటే పాత భవంతిలో, 1951లో తెరిచిన మ్యూజియం 1968లో కొత్త భవనానికి వెళ్లింది. ఈనాడు ఆ దేవిడీ ప్రవేశద్వారం దాటి లోపలికి వెళితే కనబడేవి బట్టల దుకాణాల సముదాయాలే. వారసత్వ కట్టడాలకు రక్షణగా 1995లో వచ్చిన నగరాభివృద్ధి సంస్థ హుడా పదమూడో నిబంధనను 2015లో తొలగించారు. 2017 నాటి వారసత్వ చట్టం ఆ లోటును ఎంతవరకు పూడుస్తుందో అమలులోనే తేలాలి. అయినా ఇర్రం మంజిల్ ప్యాలెస్‌ను కూల్చే నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టివేయడం, శిథిలమై చెత్తకుప్పగా మారిన బన్సీలాల్‌పేట మెట్లబావి 2022లో మళ్లీ నీళ్లతో కళకళలాడడం చూస్తే, పట్టుదల ఉన్నచోట ఫలితం ఉంటుందని స్పష్టమవుతోంది.

కనుక చేయవలసిన పని తెలిసే ఉంది. మన్ పటాలు ప్రతి వార్డు కార్యాలయంలోనూ, ప్రతి శాఖా గ్రంథాలయంలోనూ జనం చూసేలా పెట్టాలి. తెలుగు మాధ్యమంలో చరిత్ర చదివే విద్యార్థులకు ఉర్దూ లిపి, ఫస్లీ లెక్క, అబ్జద్ నేర్పాలి. భాష మనది కాదని దస్తరాలను వదులుకుంటే మన పేట చరిత్రనే వదులుకున్నట్టు. ఒక్కో కళాశాల తన చుట్టూ ఉన్న ఒక్క బస్తీనైనా దత్తత తీసుకుని, ఆధారాలతో ఒక పుస్తకం తెలుగులో వేయాలి. ధూల్‌పేట, కార్వాన్, గౌలిగూడ, చిలకలగూడ, మల్లేపల్లి వంటి పేటలకు తమ కైఫీయతు రాసే కావలి సోదరులు కావాలి. ఈ తరం పూనుకోకపోతే వచ్చే తరం పూనుకోవడానికి కూడా వీలుండదు. అప్పటికి చదవడానికి రాయీ ఉండదు, అడగడానికి మనిషీ ఉండడు.