బ్రెగ్జిట్ శబ్దార్థ విచారము

క్రీ. శ. 2016 సంవత్సరము జూన్ 23వ తేదీని సంయుక్త రాజ్యమునందు జరిగిన ప్రజాభిప్రాయ సేకరణమునుగూర్చి రాజనీతిజ్ఞులును అర్థశాస్త్రజ్ఞులును రచించిన గ్రంథములు పెక్కులు గలవు. వానియందు ఉభయపక్షముల బలాబలములు విచారింపఁబడినవి. కాని యా వ్యవహారమున కంతటికిని ముద్రవలె నిలిచిన ‘బ్రెగ్జిట్’ అను శబ్దము తన యర్థమును ఎంతవఱకుఁ దెలుపఁగలిగెనో శాబ్దికుల మార్గమునఁ బరీక్షించినవారు అరుదు. వ్యాకరణమునకు రాజ్యతంత్రముతో నేమి పని యని కొందఱు శంకింపవచ్చును. అర్థనిర్ణయము లేని యొక శబ్దము మూలమున మూఁడు సంవత్సరములకుఁ బైగా నొక ప్రాచీన శాసనసభ కార్యనిశ్చయము లేక కొట్టుమిట్టాడెను. ఒక ప్రధానమంత్రిణి పదవిని వదలవలసివచ్చెను. దేశమునందలి సర్వోన్నత న్యాయస్థానము రెండుమాఱులు తీర్పు చెప్పవలసివచ్చెను. కాఁబట్టి యీ విచారము వ్యర్థము కాదు.

మొదట శబ్దోత్పత్తిని జూడవలెను. గ్రీసుదేశము యూరో నాణ్యకూటమిని విడుచునేమో యను భయము కలిగిన 2012వ సంవత్సరమున ‘గ్రెగ్జిట్’ అను మాట పుట్టెను. దాని ననుసరించి యా సంవత్సరముననే ‘బ్రెగ్జిట్’ అను మాటయుఁ గల్పింపఁబడెను. బ్రిటన్ అను పూర్వపదము ఖండితమై, నిర్గమనార్థకమగు ‘ఎగ్జిట్’ అను ఉత్తరపదముతో నతుకఁబడినది. ఇట్టి ఖండనము మన సమాసములయందుఁ గానరాదు. అయినను అర్థదృష్టిచే ‘బ్రిటనుయొక్క నిర్గమనము’ అని విగ్రహము చెప్పి షష్ఠీతత్పురుషముగా గ్రహింపవచ్చును. కృదంతయోగముచేఁ గర్తయందు వచ్చిన షష్ఠి యిది. ఇందుఁ గర్త ఉక్తము, క్రియ ఉక్తము. నిర్గమనక్రియకు అవశ్యాపేక్షితమైన అపాదానము మాత్రము అనుక్తము.

విశ్లేషమునకు అవధియై నిలిచినదానికి అపాదానసంజ్ఞ యని పాణినీయుల మతము. ‘ఆకు రాలెను’ అన్నప్పుడు ‘దేనినుండి’ అను ఆకాంక్ష తీఱకయే యుండును. ప్రకరణము తెలిసినచో ‘చెట్టునుండి’ యని యధ్యాహారము చేసికొందుము. గ్రెగ్జిట్ శబ్దమునందు ఆ యధ్యాహారము సులభము. యూరో నాణ్యమొక్కటియే యచటి యవధి. బ్రెగ్జిట్ శబ్దమునం దట్లు గాదు. మాతృకనుండి రూపము వచ్చినది గాని, మాతృకయందలి స్పష్టత రాలేదు.

ఇచ్చట నొక పూర్వపక్షము గలదు. మతపత్రముమీఁది ప్రశ్నలో ఐరోపా సమాఖ్య పేరు స్పష్టముగా నున్నది. కాఁబట్టి అపాదానము అనుక్తము కాదు అని. ఆ ప్రశ్న మొదట ‘సభ్యత్వమున నిలువవలెనా’ యని మాత్రమే కూర్పఁబడి, అవును కాదు అను ప్రత్యుత్తరములతో నుండెను. అట్టి కూర్పు ఒక పక్షమునకు అనుకూలమని తోఁపవచ్చునని 2015వ సంవత్సరమున ఎన్నికల సంఘము సూచింపఁగా ‘నిలువవలెనా, విడువవలెనా’ యని మార్చఁబడెను. ప్రశ్న సమత్వము నొందిన మాట నిజమే. కాని సమాఖ్య యనునది సముదాయవాచకము. అందు ఏకవిపణి గలదు, సుంకకూటమి గలదు, జనుల స్వేచ్ఛాగమనము గలదు, లక్సెంబర్గునందలి న్యాయస్థానముయొక్క అధికారము గలదు. నార్వేదేశము సమాఖ్యలో సభ్యురాలు గాకయే యేకవిపణిలో నున్నది. టర్కీదేశము సభ్యురాలు గాకయే పారిశ్రామిక వస్తువుల విషయమున సుంకకూటమిలో నున్నది. గ్రామము విడిచెనన్నంతమాత్రమున నొకఁడు ఆ గ్రామమునందలి తన పొలమును, బావిలో వంతును, సంతకు వచ్చు హక్కును గూడ విడిచెనో లేదో తెలియదు గదా. కాఁబట్టి సముదాయముయొక్క పేరు చెప్పినను అవయవముల విషయమున సందేహము నిలిచియే యున్నది.

‘సైంధవము దెమ్ము’ అను ప్రసిద్ధోదాహరణము నిచ్చట స్మరింపవలెను. భోజనకాలమున లవణమని, ప్రయాణకాలమున గుఱ్ఱమని సేవకుఁడు ప్రకరణమునుబట్టి గ్రహించును. 2016వ సంవత్సరమున 1,74,10,742 మంది, అనఁగా నూటికి 51.9 వంతు, విడువవలెననిరి. 1,61,41,241 మంది నిలువవలెననిరి. విడువవలెనన్నవారిలోఁ గొందఱు వలసలను దగ్గింపఁగోరిరి. కొందఱు శాసనాధికారము తమ సభకే యుండఁగోరిరి. కొందఱు లోకమంతటితో స్వేచ్ఛావాణిజ్యమును గోరిరి. మఱికొందఱు తమ పట్టణముల దుఃస్థితిని బాలకులకుఁ దెలుపఁగోరిరి. పిలిచినవారిలో విస్తరియెదుటఁ గూర్చున్నవారును గలరు, ప్రయాణమునకు సిద్ధమైనవారును గలరు. శబ్దమొక్కటి, వివక్షలు పెక్కులు. సేవకుఁడు తేవలసిన వస్తువు మాత్రము ఒక్కటియే.

ఆ సంవత్సరము జులైలోఁ బ్రధానమంత్రిణియైన థెరిసా మే ‘బ్రెగ్జిట్ అనఁగా బ్రెగ్జిటే’ యని పలుమాఱు చెప్పెను. లక్ష్యమునే లక్షణముగాఁ జెప్పుట ఆత్మాశ్రయదోషము. నిర్ణయమును తిరుగఁదోడనని తెలుపుటకు ఆ వాక్యము సమర్థమే. నిర్ణయమేమో తెలుపుట కది సమర్థము కాదు. 2017 జనవరి 17వ తేదీని ఏకవిపణినుండియు వైదొలఁగుదుమని యామె ప్రకటించెను. ఆ నెల 24వ తేదీనే, శాసనసభ యనుమతి లేక మంత్రివర్గము నిర్గమనసూచన నీయఁజాలదని సర్వోన్నత న్యాయస్థానమునందు 11 మంది న్యాయాధిపతులలో 8 మంది తీర్పుచెప్పిరి. ఓటు చెప్పినవారు ప్రజలు. అర్థము చెప్పఁబూనినది మంత్రివర్గము. ఆ యధికారమును శాసనసభకుఁ జూపినది న్యాయస్థానము. వక్త యొకఁడు, వ్యాఖ్యాతలు మువ్వురు అయిరి.

వ్యాఖ్యాతల వివాదము 2019వ సంవత్సరమునఁ బరాకాష్ఠ నొందెను. సమాఖ్యతోఁ గుదుర్చుకొన్న ఒడంబడికను జనవరి 15వ తేదీని ప్రజాప్రతినిధిసభ 432 మతములతోఁ ద్రోసిపుచ్చెను. అనుకూలమతములు 202 మాత్రమే. మార్చి నెలలో మఱి రెండుమాఱులు తిరస్కారము గలిగెను. మార్చి 27వ తేదీని సభ్యులు తామే యెనిమిది మార్గములను బరిశీలించిరి. ఒక్కదానికిని ఆధిక్యము లేదు. ఏప్రిల్ 1వ తేదీని నాలుగింటిని బరిశీలించిరి. మరల నదే ఫలము. ‘ఇది కాదు’ అనుటకుఁ జాలినంత మంది గలరు. ‘ఇదియే’ యనుటకుఁ జాలినంత మంది లేరు. వేదాంతమున నిషేధపరంపరచే వస్తువు తెలియవచ్చును. ఇచ్చట నిషేధములే మిగిలినవి. పిదప బోరిస్ జాన్సను సభను అయిదు వారములు నిలుపఁజూడఁగా, సెప్టెంబరు 24వ తేదీని 11 మంది న్యాయాధిపతులు ఏకగ్రీవముగా అది చెల్లదనిరి. డిసెంబరు 12వ తేదీని జరిగిన యెన్నికలయందు 650 స్థానములలో 365 స్థానము లాతని పక్షమునకు వచ్చెను. 2020 జనవరి 31వ తేదీని నిర్గమనము జరిగెను.

ఇంతవఱకు అపాదానవిచారము. కర్తృపదమునందును దోషము గలదు. అది మఱింత గురుతరము. బ్రిటన్ అనఁగా ఇంగ్లండు, స్కాట్లండు, వేల్సు. రాజ్యముయొక్క పూర్ణనామము ‘గ్రేట్ బ్రిటన్ మఱియు ఉత్తర ఐర్లండుల సంయుక్త రాజ్యము’. కాఁబట్టి బ్రెగ్జిట్ శబ్దమునకు ఉత్తర ఐర్లండునందు అవ్యాప్తిదోషము పట్టినది. వాడుకలో బ్రిటన్ అను మాట రాజ్యమంతటికి లక్షణచేఁ జెల్లునని సమాధానము చెప్పవచ్చును. కాని శబ్దమునందు మఱవఁబడిన ప్రదేశమే వ్యవహారమునందు ముడివడెను. ఐర్లండు ద్వీపమునందలి సరిహద్దు సుమారు 500 కిలోమీటర్ల పొడవు గలది. 1998వ సంవత్సరపు శాంతి యొడంబడిక తరువాత నచ్చటి కావలి తొలఁగినది. ఆ సరిహద్దును మరల మూయరాదు. నిర్గమించిన రాజ్యమునకును సమాఖ్యకును నడుమ సరుకుల పరీక్ష లేకయుఁ దీఱదు. తుదకు ఉత్తర ఐర్లండు సరుకుల విషయమున సమాఖ్య నిబంధనలనే యనుసరించునట్లును, పరీక్షలు ఐరిషు సముద్రమునకు ఈవల జరుగునట్లును ఏర్పఱచిరి. ఇట్లు అవయవార్థమే తుదకు సత్యమయ్యెను: బ్రిటను నిర్గమించెను, ఉత్తర ఐర్లండు సగము నిలిచెను. సంయుక్త రాజ్యమున విడరాని భాగమై యుండఁగోరిన అచ్చటి యైక్యవాదులకు ఇది తీవ్రమైన వ్యథ గలిగించెను. 2022 ఫిబ్రవరినుండి రెండు సంవత్సరములు వారిలోని ప్రధానపక్షము మంత్రివర్గమున నిలువలేదు. నడుమ 2023వ సంవత్సరమున విండ్సరు ఒడంబడికచే నియమములు సడలింపఁబడినవి. ఉత్తర ఐర్లండున నూటికి 55.8 వంతు, స్కాట్లండున 62 వంతు నిలువఁగోరినవారే. ఏకవచనాంతమగు కర్తృపదము ఈ భేదము నంతటిని గప్పిపుచ్చినది.

‘ఇది రూఢిశబ్దము, మండపాదులవలె అవయవార్థముతోఁ బనిలేదు’ అనువారు గలరు. రూఢి యనఁగా వ్యవహర్తల కందఱకు నొక్కటియే యర్థము స్ఫురించుట. 2016వ సంవత్సరమున నట్టి యైకమత్యము లేదు. ‘కవులు శ్లేషను గుణముగాఁ గొనియాడుదురు గదా’ యనువారును గలరు. శ్లేషయందు రెండర్థములును ఒకేమాఱు నిలుచును. పాఠకుఁడు రెంటిని ననుభవించును. శాసనమునకు ఒక్క యర్థమే యాచరణయోగ్యము. ఆలీ స్మిత్ 2016వ సంవత్సరముననే ప్రకటించిన ‘ఆటమ్’ అను నవలలో నొకచోట దేశమంతటి జనుల విరుద్ధభావములను వెంటవెంటఁ బేర్చి చూపినది. అది నవలకు సొగసు. ఆ వైరుధ్యమునే మతపత్రమునం దుంచి నిర్ణయమని పిలుచుట రాజ్యమునకుఁ జేటు.

దోషము విడువఁగోరినవారియందే కలదనుట న్యాయము కాదు. 2011వ సంవత్సరమున ఎన్నికల పద్ధతినిగూర్చి జరిగిన సేకరణమున, ప్రజలు అంగీకరించినచో నమలు జరుపవలసిన పద్ధతి శాసనమునందే ముందుగా వ్రాయఁబడెను. 2015వ సంవత్సరపు శాసనము ఫలితమువలనఁ గలుగవలసిన కార్యమును జెప్పకయే ప్రశ్నను మాత్రము విధించెను. ఆ శాసనమును గూర్చినవారు నిలువఁగోరినవారే. సాధ్యమును నిర్దేశింపక ప్రతిజ్ఞ చేయించిన వాదమువంటి దిది.

నేఁటికిని అపాదానవిచారము ముగియలేదు. 2024 జనవరినుండి ‘హొరైజన్’ అను పరిశోధనప్రణాళికలో సంయుక్త రాజ్యము మరలఁ జేరినది. 2025 మే 19వ తేదీని లండనునందలి సమావేశమున ఆహారపదార్థముల పరీక్షలను దగ్గించుటకు ఒడంబడిక చేసికొన నిశ్చయించిరి. ఏకవిపణినిగాని సుంకకూటమినిగాని చేరఁబోమని మాత్రము ప్రభుత్వము చెప్పినది. దేనిని విడుచుట, దేనిని విడువకుండుట యని 2016వ సంవత్సరమునకు ముందే యడుగవలసిన ప్రశ్నకు నిట్లు విడివిడిగాఁ బ్రత్యుత్తరము వచ్చుచున్నది.

క్రియను మాత్రము చెప్పి కారకములను విడిచిన వాక్యము అపూర్ణమని బాలవ్యాకరణము చదువు విద్యార్థియు నెఱుఁగును. ప్రజల నడుగు ప్రశ్నకును ఈ నియమము వర్తించునని, ఆకాంక్ష తీఱని వాక్యముపై వేసిన సంతకము తుదకు వ్యాఖ్యాతల చేతిలోఁ బడునని యీ శబ్దచరిత్రమువలన విజ్ఞులు గ్రహింతురు గాక.