బేరియం చెయ్యి అందుకున్న ఫ్లోరిన్

నెల్లూరు జిల్లా ఆత్మకూరు నుంచి వాయవ్యంగా వెళ్తే ఉదయగిరి దుర్గం కనిపిస్తుంది. ఆ చుట్టుపక్కల కొన్ని ఊళ్ళలో బోరు నీళ్ళు గ్లాసులో పోస్తే అద్దంలా ఉంటాయి. పిల్లల పళ్ళ మీద గోధుమరంగు గార చూస్తేగాని ఆ తేట నీళ్ళలో ఏముందో తెలియదు. గట్టి రాళ్ళలోని అభ్రకం, అపటైట్ లాంటి ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీళ్ళలోకి దిగుతుంది. కాల్షియం తక్కువై, క్షారగుణం ఎక్కువైన చోట మరీ నిలుస్తుంది. ఈ జిల్లాలో ఫ్లోరైడ్ తెచ్చే జబ్బు ఫ్లోరోసిస్ మీద షార్ట్, పండిట్, రాఘవాచారి 1937లోనే వ్యాసం ప్రకటించారు. తాగేనీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్నది నేటి హద్దు.

కంటికి కనబడనిదాన్ని కొలిచే తెలుసుకోవాలి. నీళ్ళలోని లోహాలను కొలిచే గొప్ప సాధనం ఐసీపీ-ఎంఎస్. నీటిని సన్నటి తుంపరగా చేసి, దాదాపు 7,000 డిగ్రీల ఆర్గాన్ ప్లాస్మాలోకి పంపుతారు. కొన్ని మిల్లీసెకన్లలో తుంపర ఆరుతుంది, అణువులు తెగుతాయి, పరమాణువులు ఎలక్ట్రాన్ పోగొట్టుకుని అయాన్లవుతాయి. ఒక మిల్లీమీటరు రంధ్రం గుండా వాటిని లోపలికి లాగి, బరువును బట్టి లెక్కపెడతారు.

అయితే అన్నీ పూర్తిగా తెగవు. కొన్ని మళ్ళీ జతకడతాయి కూడా. ఆర్గాన్ 40, క్లోరిన్ 35 కలిస్తే 75, అంటే ఆర్సెనిక్ బరువే. అందుకే ప్రయోగశాలలో పొద్దున్నే సీరియం ద్రావణంతో ప్లాస్మాను పరీక్షిస్తారు. 140 దగ్గర సీరియం, 156 దగ్గర సీరియం ఆక్సైడ్. ఆక్సైడ్ వాటా రెండు మూడు శాతం లోపుకు వచ్చేదాకా తుంపరను మోసే వాయువును కొద్దికొద్దిగా సర్దుతారు.

ఇంత మంట కూడా ఫ్లోరిన్ దగ్గర ఓడిపోతుంది. దాని ఎలక్ట్రాన్‌ను ఊడదీయడానికి 17.4 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. ఆర్గాన్‌కే 15.8 చాలు. బేరియంకైతే 5.2. ఇక్కడే నాకు చేతులెత్తి మొక్కాలనిపించే పనితనం ఉంది. నమూనాలో బేరియం కలుపుతారు. సులువుగా అయాన్ అయ్యే బేరియం ఫ్లోరిన్‌ను పట్టుకుంటుంది. 138, 19 కలిసి 157 దగ్గర ఆ జంట కనిపిస్తుంది. స్కాట్లాండ్‌లోని అబర్డీన్ పరిశోధకులు 2017లో ఈ దారిని వివరంగా పరిశీలించారు.

మంట చాలకపోతే అసలు అణువు తెగక ఫ్లోరిన్ బయటికి రాదు. ఎక్కువైతే కొత్త జంటా తెగుతుంది. ఉదయగిరిలో చెక్క గరిటె చెక్కే చేతులు కాడను సన్నం చేస్తూ, విరగకముందే ఆగినట్టు ఇక్కడా ఆగాలి. పైగా బేరియం, బరువైన ఆక్సిజన్ 18, హైడ్రోజన్ కలిసినా 157 అవుతుంది. దాన్ని వేరుచేయడానికి బరువును బట్టి అయాన్లను వడకట్టే రెండు జల్లెడల మధ్య ఒక వాయువు గది పెట్టి, ఈ రెండు 157లూ ఆ వాయువుతో కలిసే తీరులోని తేడాను వాడుకుంటారు.

బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్‌కు రోజువారీ పరీక్షలో ఎలక్ట్రోడ్ చాలు. అది చూసేది విడిగా ఉన్న ఫ్లోరైడ్‌నే. కార్బన్‌తో గట్టిగా ముడిపడిన ఫ్లోరిన్‌ను అది చూడలేదు. ప్లాస్మా ఆ ముడిని విప్పుతుంది, బేరియం దాన్ని లెక్కలోకి తెస్తుంది. ఆర్సెనిక్ కొలిచే రోజున తరిమేసిన లాంటి అణు అయాన్‌నే ఫ్లోరిన్ కొలిచే రోజున చెదరకుండా కాపాడుకోవాలి.